మిషిగన్ నదుల్లో వసంతకాలపు సక్కర్ చేప: ఎప్పుడు వెతకాలి, ఎలా పట్టాలి, ముల్లును ఎలా దాటాలి

ముందుగా పేరు గురించిన ఒక పొరపాటును తొలగించాలి. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను ‘సక్కర్ చేప’ అనగానే వలలను చించి, చెరువు రైతుల ఉసురు తీసే నల్లటి పలకల చేప గుర్తుకు వస్తుంది. కొన్నిచోట్ల దానిని దెయ్యం చేప అని కూడా పిలుస్తారు. అది దక్షిణ అమెరికాకు చెందినది. అక్వేరియంల దారిన మన కాలువల్లోకి చేరింది. ఇక్కడ చెప్పబోయే సక్కర్‌కు దానితో పేరులో తప్ప ఎక్కడా చుట్టరికం లేదు. ఇది ఉత్తర అమెరికా నదుల్లో, సరస్సుల్లో పుట్టి పెరిగిన స్థానిక చేప. వీటిలో అన్నిటికంటే ఎక్కువగా దొరికే వైట్ సక్కర్ శాస్త్రీయ నామం కాటోస్టోమస్ కామర్సోనీ. కాటోస్టోమస్ అంటే గ్రీకు భాషలో నోరు కిందికి ఉన్నది అని అర్థం.

డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ వంటి ఊళ్లలో స్థిరపడిన మన కుటుంబాలు చేప తినాలనిపిస్తే దేశీ దుకాణానికి వెళ్లి, మంచుగడ్డ కట్టిన శీలావతినో బొచ్చెనో కొని తెచ్చుకుంటాయి. అదే సమయంలో, అంటే ఏప్రిల్ నెలలో, రెండు గంటలకు పైగా కారు ప్రయాణం చేస్తే చేరుకోగల నదుల్లోకి సరస్సు చేప గుంపులు గుంపులుగా ఎక్కి వస్తూ ఉంటుంది. గోదావరికి ఎదురీదే పులస కోసం ఏడాదంతా ఎదురుచూసే జాతి మనది. ఇక్కడ ఎదురీదే చేపను మాత్రం గమనించకుండా వదిలేస్తున్నాం. రుచిలో సక్కర్ పులసకు సాటి అని నేను అనను. అయితే గుడ్లు పెట్టడానికి నదికి ఎక్కే తీరులోను, మాంసంలో దాగిన సన్నని ముళ్ల విషయంలోను రెండింటికీ పోలిక ఉంది. ముల్లున్న చేపను ఓపికగా తినడం తెలిసినవారికి ఈ చేప దక్కవలసిందే.

ఈ చేపను పట్టడం కష్టం కాదు. అది నదిలో ఉన్న రోజున మీరు కూడా అక్కడ ఉండడమే కష్టం. అందుకే ఈ వ్యాసంలో గాలం కంటే థర్మామీటర్ గురించి ఎక్కువగా చెబుతాను.

చేపను గుర్తుపట్టడం

మన శీలావతి మూతిని మరికొంత కిందికి వంచి, ఒంటిని మరికొంత గుండ్రంగా, పొడవుగా సాగదీసినట్లు ఊహించుకుంటే సక్కర్ రూపం దాదాపు కళ్లకు కడుతుంది. వీపు ఆలివ్ ఆకుపచ్చగా గాని గోధుమ రంగులో గాని ఉంటుంది. పొట్ట తెల్లగా ఉంటుంది. తల మీద పొలుసులు ఉండవు, నోటి పక్కన మీసాలు ఉండవు. పెదవులు మందంగా, చిన్న చిన్న బుడిపెలతో వేలికి గరుకుగా తగులుతాయి. నేల మీద పడి ఉన్న పురుగుల లార్వాలను, నత్తలను, చిన్న ఆల్చిప్పలను ఆ పెదవులతోనే తడిమి, పీల్చుకుని తింటుంది. సాధారణంగా 30 నుంచి 50 సెంటీమీటర్ల పొడవు, ఒకటి రెండు కిలోల బరువు ఉంటుంది. ఆడ చేప మగ చేప కంటే పెద్దది.

గుడ్లు పెట్టే కాలంలో మగ చేపను గుర్తించడానికి ఒక తేలిక మార్గం ఉంది. తోక కింది భాగం మీద, పొట్ట వెనుక ఉండే రెక్క మీద వేలితో నిమిరితే ఇసుక కాగితంలా గరగరలాడుతుంది. అవి ముత్యపు రంగులో ఉండే చిన్న మొటిమలు. ఆ కాలం దాటిన తరువాత అవి రాలిపోతాయి.

మూడు రకాల చేపలతో పొరబడే ప్రమాదం ఉంది. కార్ప్‌కు నోటి దగ్గర రెండు జతల మీసాలు ఉంటాయి, వీపు రెక్క చాలా పొడవుగా ఉంటుంది. పట్టుకున్నా తప్పు లేదు. రెడ్‌హార్స్ అనేది సక్కర్ కుటుంబంలోనిదే గాని వేరే చేప. దాని పొలుసులు పెద్దవి, చాలా రకాలలో తోక ఎర్రగా ఉంటుంది. వీటిలో రివర్ రెడ్‌హార్స్ మిషిగన్‌లో రక్షణ పొందిన జాతి. ఏ రెడ్‌హార్స్ ఏదో తేల్చుకోవడం అలవాటు లేనివారికి కష్టం కాబట్టి, తోక ఎర్రగా కనిపిస్తే నీటిలోకి వదిలేయడం నా పద్ధతి. మూడవది లేక్ స్టర్జన్. దాని నోరు కూడా కిందికే ఉంటుంది, అది కూడా వసంతంలోనే నదికి ఎక్కుతుంది. ఒంటి పొడవునా ఎముక పలకలు, సొరచేప తోకలాంటి తోక, నోటి ముందు నాలుగు మీసాలు కనిపించాయంటే, దానిని నీటి నుంచి పైకి ఎత్తకుండానే గాలం తీసి వదలండి. దాని మీద ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి.

రోజును నిర్ణయించేది క్యాలెండర్ కాదు, నీటి వేడి

నేను మొదటి ఏడాది చేసిన తప్పు ఇదే. ఏప్రిల్ రెండవ వారంలో చేప వస్తుందని ఎవరో చెబితే, ఆ శనివారం తెల్లవారుజామున బయలుదేరి వెళ్లాను. రోజంతా నిలబడినా గాలం కదలలేదు. తరువాతి శనివారం కూడా అంతే. మూడవ వారం పని ఒత్తిడి వల్ల వెళ్లలేకపోయాను. సరిగ్గా ఆ మంగళవారం నుంచి శుక్రవారం వరకు నది నిండా చేపలేనని తరువాత తెలిసింది. ఆ రెండు శనివారాలూ నీటిలో థర్మామీటర్ ముంచి ఉంటే 41 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 5 సెల్సియస్, చూపేది, నేను వెనక్కు తిరిగి వచ్చేవాడిని.

గుర్తుంచుకోవలసిన అంకెలు ఇవి. నీరు 45 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు 7 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు వైట్ సక్కర్‌లు సరస్సు నుంచి నది ముఖద్వారాల్లోకి కదలడం మొదలవుతుంది. ముందుగా మగ చేపలు వస్తాయి. 50 డిగ్రీల దగ్గర, అంటే 10 సెల్సియస్ దగ్గర, గుడ్లు పెట్టడం ముమ్మరంగా సాగుతుంది. 60 డిగ్రీలు దాటే సరికి చాలా చేపలు తిరిగి సరస్సు దారి పట్టి ఉంటాయి. మధ్యలో చలిగాలి వచ్చి నీరు మళ్లీ చల్లబడితే చేప ఎక్కడిది అక్కడే మడుగుల్లో ఆగిపోతుంది. ఎండ కాయగానే మళ్లీ కదులుతుంది. లాంగ్‌నోజ్ సక్కర్ అనే మరో రకం దీనికంటే చల్లని నీటిలో ముందుగానే వస్తుంది. రెడ్‌హార్స్‌లు దీని తరువాత, నీరు ఇంకా వేడెక్కాక వస్తాయి.

దక్షిణ మిషిగన్‌లో ఈ స్థితి మార్చి చివర నుంచి కనిపించవచ్చు. ఉత్తరానికి వెళ్లే కొద్దీ ఆలస్యమై, ఎగువ ద్వీపకల్పంలో మే నెలలోకి జరుగుతుంది. ఒకే జిల్లాలో కూడా నదికి నదికి తేడా ఉంటుంది. లోతు తక్కువగా ఉన్న చిన్న వాగు ముందుగా వేడెక్కుతుంది. ఊటనీటితో నిండే నది ఆలస్యంగా వేడెక్కుతుంది. అందువల్ల పెద్ద నదిలో ఇంకా చేప రాలేదని తెలిసినప్పుడు, దాని పక్కనే సరస్సులో కలిసే చిన్న వాగును ఒకసారి చూడండి.

ఇంటి దగ్గర నుంచే సగం పని చేయవచ్చు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ అనేక నదుల మీద కొలత కేంద్రాలను నడుపుతోంది. నీటి మట్టం, ప్రవాహ పరిమాణం, కొన్నిచోట్ల నీటి ఉష్ణోగ్రత కూడా ఆ సంస్థ వెబ్‌సైట్‌లో గంట గంటకూ కనిపిస్తాయి. రైఫిల్ నది మీద స్టెర్లింగ్ ఊరి దగ్గర అటువంటి కేంద్రం ఒకటి ఉంది. అక్కడి నీటి మట్టం గ్రాఫ్‌ను మార్చి చివర నుంచి రోజూ ఒకసారి చూడడం అలవాటు చేసుకోండి. వాన పడగానే గీత నిటారుగా పైకి లేస్తుంది. ఆ సమయంలో నీరు బురదగా, ఒడ్డు దాటేంత ఉద్ధృతంగా ఉంటుంది కాబట్టి వెళ్లి ప్రయోజనం లేదు. గీత శిఖరం దాటి దిగడం మొదలుపెట్టిన రెండవ, మూడవ రోజు మంచిది. వెచ్చని వాన పడిన తరువాత గీత దిగుతూ, ఉష్ణోగ్రత 48 నుంచి 52 మధ్యకు చేరితే, ఆ సాయంత్రం ఆఫీసు నుంచి గంట ముందు బయలుదేరడానికి ఏదో ఒక కారణం వెతుక్కోండి.

సాయంత్రం అని ఎందుకు అన్నానంటే, ఎండకు నీరు బాగా వేడెక్కేది మధ్యాహ్నం చివరి గంటల్లో. చేప లోతు నుంచి మెరకకు కదిలేది పొద్దు వాలాక. నది పక్కన గడ్డిలో కప్పలు ఆగకుండా అరుస్తున్నాయంటే నేను థర్మామీటర్ తీయకముందే సగం నమ్మకం పెట్టుకుంటాను.

చోటు వెతకడం

మ్యాపు తెరిచి, పెద్ద సరస్సులో కలిసే నదిని ఎంచుకుని, ముఖద్వారం నుంచి ఎగువకు రండి. దారిలో మొదటి ఆనకట్ట ఎక్కడ ఉందో చూడండి. చేప అంతకు మించి వెళ్లలేదు కాబట్టి, ముఖద్వారానికీ ఆ ఆనకట్టకూ మధ్య ఉన్న భాగమే మీకు పనికివస్తుంది. ఆ భాగంలో గులకరాళ్లు ఉన్నచోట్లన్నీ గుర్తించాలి. సక్కర్ గూడు కట్టదు. గోలీల నుంచి నిమ్మకాయల వరకు పరిమాణం ఉన్న గులకరాళ్ల మీద, మోకాలి లోతుకు మించని, గలగల పారే నీటిలో గుడ్లు వెదజల్లి వెళ్లిపోతుంది. జిగురుగా ఉండే ఆ గుడ్లు రాళ్లకు అంటుకుని, నీటి వేడిని బట్టి సుమారు రెండు వారాల్లో పిల్లలవుతాయి. ఒక్క ఆడ చేప ఇరవై వేల నుంచి యాభై వేల వరకు గుడ్లు పెట్టగలదు.

రైఫిల్ నది లేక్ హ్యూరన్‌కు చెందిన సాగినా అఖాతంలో కలుస్తుంది. దాని ఒడ్డున ఉన్న ఓమర్ అనే బుల్లి ఊరికి సక్కర్ చేపల వల్లనే పేరు వచ్చింది. ఆ ఊరికి ఈ చేప అంటే ఉన్న మమకారం ఒంటరిది కాదు. మిస్సోరీలోని నిక్సా పట్టణంలో 1957 నుంచి ఈ చేప పేరిట వసంతోత్సవం జరుగుతోంది. అంతకంటే ఎంతో ముందు నుంచి ఈ సరస్సుల చుట్టూ ఉన్న ఓజిబ్వే ఆదివాసులకు, చలికాలం నిల్వలు అయిపోయిన వేళ వచ్చే ఈ ‘నమేబిన్’ పెద్ద ఆసరా. వారి భాషలో ఒక నెలకు దీని పేరే పెట్టుకున్నారు.

ఒడ్డుకు చేరాక వెంటనే గాలం విప్పకండి. నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని, నీటి కంటే ఎత్తుగా ఉన్న ఒక చోటు నుంచి, వంతెన మీద నుంచైనా సరే, పది నిమిషాలు కదలకుండా చూడండి. మొదట రాళ్లు తప్ప ఏమీ కనిపించవు. కాసేపటికి ఒక రాయి పక్కకు జరుగుతుంది. అది రాయి కాదని అప్పుడు తెలుస్తుంది. ఆ తరువాత ఒకటి వెంట ఒకటి, అన్నీ తలలు ఎగువకు పెట్టి నిలబడిన చేపలు కనబడుతూనే ఉంటాయి. గుడ్లు పెట్టే సమయమైతే, ఒక పెద్ద ఆడ చేపకు అటొకటి ఇటొకటి మగ చేపలు ఆనుకుని, మూడూ ఒక్కసారిగా వణుకుతాయి. రెండు మూడు సెకన్ల పాటు కింద గులకరాళ్లు కదిలి, ఇసుక పొగలా లేచి, దిగువకు కొట్టుకుపోతుంది.

అక్కడ గుడ్లు పెట్టే పనిలో ఉన్న చేపల జోలికి వెళ్లకండి. అవి ఎరను పట్టించుకోవు. వాటి మధ్య గాలం లాగితే ఒంటికి గుచ్చుకోవడం తప్ప వేరే ఫలితం ఉండదు. మీకు కావలసింది ఆ మెరకకు సరిగ్గా దిగువన ఉండే మడుగు. మెరక మీద నుంచి జారిన నీరు నెమ్మదించి, నడుము లోతు నుంచి నిలువెత్తు వరకు ఉండే ఆ చోట వచ్చేవి, పోయేవి, తమ వంతు కోసం ఆగేవి అన్నీ విశ్రాంతి తీసుకుంటాయి, మేత కూడా తింటాయి. వేగంగా పోయే నీరూ మెల్లగా పోయే నీరూ ఒరుసుకునే గీత ఒకటి మడుగులో పొడవునా కనబడుతుంది. ఆ గీతకు మెల్లని వైపున, నేలకు ఆనించి ఎర ఉండాలి.

ఇంకొక హెచ్చరిక. ఇదే కాలంలో, ఇవే గులకరాళ్ల మీద స్టీల్‌హెడ్ ట్రౌట్ కూడా గుడ్లు పెడుతుంది. అది తోకతో రాళ్లను తవ్వి, కడిగిన పళ్లెంలా తెల్లగా మెరిసే గుంట చేస్తుంది. చుట్టూ నాచు పట్టిన రాళ్ల మధ్య అటువంటి శుభ్రమైన మచ్చ కనిపిస్తే దాని మీద అడుగు వేయకుండా చుట్టూ తిరిగి వెళ్లండి.

లైసెన్సు, నిబంధనలు

మిషిగన్‌లో 17 ఏళ్లు, విస్కాన్సిన్‌లోను మిన్నెసోటాలోను 16 ఏళ్లు నిండినవారు చేపలు పట్టాలంటే సాధారణంగా లైసెన్సు ఉండాలి. రాష్ట్ర సహజ వనరుల శాఖ వెబ్‌సైట్‌లో పది నిమిషాల్లో తీసుకోవచ్చు. అదే శాఖ ఏటా ప్రచురించే నియమాల పుస్తకంలో మీరు ఎంచుకున్న నది పేరును తప్పక వెతకండి. మిషిగన్‌లో కొన్ని ట్రౌట్ వాగులు ఏప్రిల్ చివరి శనివారం దాకా మూసి ఉంటాయి. అక్కడ సక్కర్ కోసమే వచ్చానన్నా చెల్లదు. చేతివలతోనో ఈటెతోనో పట్టడం కొన్ని నదుల్లో, కొన్ని తేదీల్లో మాత్రమే అనుమతిస్తారు. కొత్తవారు గాలంతోనే మొదలుపెట్టడం క్షేమం. నోటికి కాకుండా ఒంటికి గుచ్చుకున్న చేపను మిషిగన్‌లో వెంటనే వదిలివేయాలి. నది పక్కన పొలమో ఇల్లో ఉంటే యజమానిని అడగకుండా దాటవద్దు.

సామాను

ఖరీదైనది ఏదీ అవసరం లేదు. ఆరున్నర నుంచి ఏడు అడుగుల స్పిన్నింగ్ కర్ర, దానికి తగిన రీలు, 6 లేదా 8 పౌండ్ల బరువు ఆపే నైలాన్ దారం చాలు. దారాన్ని మధ్యలో రంధ్రం ఉన్న సీసం గుండు గుండా దూర్చి, చివర చిన్న స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే లోహపు ముడి) కట్టండి. స్వివెల్ రెండవ వైపున 40 సెంటీమీటర్ల దారం, దాని చివర 6 లేదా 8 నంబరు గాలం కట్టండి. గుండు స్వివెల్‌కు పైన జారుతూ ఉంటుంది కాబట్టి, చేప ఎరను నోట పెట్టుకున్నప్పుడు గుండు బరువు దానికి తెలియదు. పావు ఔన్సు, అర ఔన్సు, ముప్పావు ఔన్సు గుండ్లు తలా నాలుగు తీసుకెళ్లండి. రాళ్ల మధ్య ఇరుక్కుని కొన్ని ఎలాగూ పోతాయి.

గాలం నంబరు విషయంలో నా మాట వినండి. పెద్ద చేపకు పెద్ద గాలం అనుకుంటాం గాని, సక్కర్ నోరు దాని ఒంటికి తగినంత పెద్దది కాదు. అది కొరకదు, పీలుస్తుంది. పెద్ద గాలాన్ని పెదవితో తడిమి, ఉమ్మేసి వెళుతుంది.

ఎరగా వానపామును మించినది లేదు. ఇక్కడ దుకాణాల్లో నైట్‌క్రాలర్ పేరుతో డబ్బాలో అమ్మే పెద్ద వానపామును రెండంగుళాల ముక్కలుగా తుంచి, గాలం మొన వరకు ఎక్కించి, కొంచెం తోక వేలాడేలా వదలండి. మిగిలిపోయిన వానపాములను అడవిలో పారవేయడం పుణ్యమని అనిపిస్తుంది గాని అది తప్పు. మంచుయుగపు హిమానీనదాలు కప్పిన ఈ ప్రాంతపు అడవులకు వానపాము బయటి ప్రాణి. నేల మీది ఆకుల పొరను తినేసి అడవినే మార్చివేస్తుంది. డబ్బా మూత పెట్టి చెత్తబుట్టలో వేయండి.

నీటిలో దిగాలనుకుంటే ఛాతీ వరకు వచ్చే వేడర్స్, అంటే నీరు చొరబడని బూట్ల ప్యాంటు, కావాలి. నడుము దగ్గర బెల్టు బిగించకుండా వాటితో దిగవద్దు. కాలు జారితే లోపల నీరు నిండుతుంది. 50 డిగ్రీల ఫారెన్‌హీట్ నీటిలో పడిన మనిషి చేతులు కొద్ది నిమిషాల్లోనే పట్టు తప్పుతాయి. ఒంటరిగా వెళ్లవద్దు, ఈత వచ్చినా సరే. నిజానికి మొదటి రెండు మూడుసార్లు ఒడ్డు మీద నుంచే వేయడం మంచిది, చేప కూడా తక్కువగా బెదురుతుంది.

గాలం వేయడం

మడుగు తలభాగానికి కొంచెం దిగువన నిలబడి, నదికి అడ్డంగా, కాస్త ఎగువకు విసరండి. గుండు నేలకు తగిలాక ప్రవాహం దానిని మెల్లగా దిగువకు దొర్లిస్తుంది. గుండు రాయి రాయికీ తగులుతూ, టక్, టక్ మని కర్ర మొన వరకు తెలియాలి. అలా తెలియకుండా కొట్టుకుపోతుంటే గుండు తేలిక. విసిరినచోటనే పాతుకుపోతే బరువు ఎక్కువ. సరైన గుండు అయితే రెండు మూడు దొర్లులు దొర్లి, మెల్లని నీటి అంచు దగ్గర తనంతట తాను ఆగిపోతుంది. అప్పుడు అదనపు దారం చుట్టి, కర్ర మొన కొంచెం పైకి పెట్టి, దారాన్ని చూపుడువేలి మీద ఆనించి ఉంచండి.

సక్కర్ ఎర పట్టిందని తెలుసుకోవడం నేర్చుకోవలసిన విద్య. కొర్రమీనులా గుంజుకుపోదు. వేలి మీద ఆనిన దారం రెండుసార్లు సన్నగా అదురుతుంది, ఎవరో గోటితో మీటినట్లు. ఆ తరువాత ఒక క్షణం నిశ్శబ్దం. అనుభవం లేనివారు ఆ మొదటి అదురుకే కర్రను ఎగదీస్తారు; ఎర ముక్క ఇంకా పెదవుల మధ్యనే ఉండడం వల్ల ఖాళీ గాలం వస్తుంది. ఆగండి. మూడవ అదురు తరువాత దారం కొంచెం పక్కకు జరిగినట్లో, అకస్మాత్తుగా వదులైనట్లో అనిపిస్తుంది. అప్పుడు కర్రను మణికట్టుతో పైకి లేపితే చాలు, భుజంతో లాగనక్కరలేదు. బరువు తగులుతుంది, నేలను పట్టుకుని వదలనంటున్నట్లు ఒకటి రెండు నిమిషాలు బరువుగా తల ఊపుతుంది.

ఇరవై నిమిషాల్లో అదురు లేకపోతే ఎర మార్చి, మూడడుగులు దిగువకు జరగండి. అదే మడుగులో మూడు చోట్ల ప్రయత్నించినా ఏమీ లేకపోతే తరువాతి మెరకకు నడవండి. చేప ఉన్నచోట పది నిమిషాలకు ఒకటైనా తగులుతుంది. లేనిచోట రాత్రి దాకా కూర్చున్నా రాదు.

ఎన్ని ఉంచుకోవాలన్నది మీ నిర్ణయం. నేను ఇంటికి కావలసిన నాలుగైదు మగ చేపలను ఉంచుకుని, పొట్ట నిండుగా ఉన్న ఆడ చేపలను వదిలేస్తాను. చేప జన మీద మనవారికి ఉన్న ఇష్టం నాకూ తెలుసు. కానీ ఆ గుడ్లు, ఆ పిల్లలు ఈ నదిలోని ఇతర చేపలన్నిటికీ మేత. పైగా ఏళ్ల తరబడి బతుకుతూ మళ్లీ మళ్లీ నదికి ఎక్కే చేప ఇది. ‘పనికిరాని చేప’ అని దీనిని ఒడ్డున విసిరి పోయేవారు ఇప్పటికీ కనిపిస్తారు. వారిని చూసి అదే రివాజు అనుకోకండి.

ఒడ్డుకు చేరాక

చన్నీటి చేప మాంసం గట్టిగా, తీపిగా ఉంటుంది. వేసవిలో ఇదే చేప మెత్తబడి రుచి కోల్పోతుంది. వసంతంలోనే పట్టమనడానికి అదొక కారణం. ఆ గట్టితనం నిలవాలంటే, ఉంచుకోదలచిన చేపను తల మీద ఒక దెబ్బతో చంపి, వెంటనే మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, మంచు నింపిన పెట్టెలో పెట్టండి. తాడుకు గుచ్చి నీటిలో వేలాడదీసి గంటల తరబడి ఉంచవద్దు.

తినేముందు మిషిగన్ ఆరోగ్య శాఖ ప్రచురించే సురక్షిత చేపల మార్గదర్శినిలో మీ నది పేరు, సక్కర్ పేరు చూడండి. కొన్ని నదుల్లో పాదరసం, పీసీబీలు అనే విష రసాయనాలు ఉండడం వల్ల నెలకు ఎన్నిసార్లు తినవచ్చో అందులో చెబుతారు. గర్భిణులకు, చిన్నపిల్లలకు వండేటట్లయితే ఇది మరింత ముఖ్యం.

ముల్లు సంగతి

సక్కర్‌ను ఇక్కడివారు వద్దనడానికి ఒకే కారణం, వెన్ను పక్కన మాంసంలో వరుసగా దాగిన వై ఆకారపు సన్నని ముళ్లు. వాటిని ఏరడం జరిగే పని కాదు. ముక్కలు చేయడమే దారి.

పొలుసు తీసి, రెండు వైపులా మాంసాన్ని వెన్నెముక నుంచి పలకగా విడదీయండి. చర్మాన్ని తీయవద్దు. పలకను చర్మం కిందికి వచ్చేలా పీట మీద పరిచి, బాగా పదునైన సన్నని కత్తితో అడ్డంగా, మూడు మిల్లీమీటర్లకు ఒక గాటు చొప్పున, చర్మం తెగకుండా దాని దాకా కోస్తూ వెళ్లండి. కత్తి ముళ్ల మీద పడినప్పుడు కరకరమని సన్నని శబ్దం వస్తుంది. ఆ శబ్దం వినిపిస్తున్నంతవరకు పని సరిగ్గా జరుగుతున్నట్లే. శబ్దం ఆగిందంటే కత్తి మొద్దుబారిందనో, గాట్లు పైపైనే పడుతున్నాయనో అర్థం. తొందరపడి గాట్లను దూరం దూరంగా వేస్తే గొంతులో ముల్లు దిగేది అక్కడే.

గాట్లు పడిన పలకకు ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద, కొంచెం నిమ్మరసం పట్టించండి. ప్రతి గాటులోకి వేలితో మసాలా దించాలి. అరగంట తరువాత బియ్యప్పిండి పల్చగా అద్ది, 180 డిగ్రీల సెల్సియస్ నూనెలో ముంచి వేయించండి. పెనం మీద అంటీ అంటనట్లు కాల్చితే సరిపోదు. కాగిన నూనె గాట్లలోకి చేరి, తెగిన ముళ్లను లోపలే కరకరలాడేలా వేయించాలి. వాటిని మాంసంతోపాటు నమిలేయవచ్చు.

పులుసు పెట్టాలనుకునేవారికి నా సలహా వేరు. చింతపండు పులుసులో అరగంట ఉడికినంత మాత్రాన ఈ ముళ్లు కరగవు. పలకను చర్మం తీసి, సన్న జల్లెడ ఉన్న కీమా యంత్రంలో రెండుసార్లు రుబ్బి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, కొంచెం శనగపిండి కలిపి ఉండలు చేసి, నూనెలో సగం వేయించి, ఆ తరువాత మరుగుతున్న పులుసులో వదలండి. తల, వెన్నెముక విడిగా ఉడికించి ఆ నీటిని పులుసుకు వాడితే చేప రుచి పూర్తిగా దిగుతుంది.

ఇక్కడి పాతకాపుల పద్ధతి మరొకటి ఉంది. మాంసాన్ని చిన్న ముక్కలు చేసి, ఉప్పునీటిలో, తరువాత వెనిగర్‌లో ఊరబెడతారు; వెనిగర్ పులుపుకు ముళ్లు మెత్తబడతాయి. ఇందులో పొయ్యి వాడరు కాబట్టి, మంచినీటి చేపల్లో ఉండే బద్దెపురుగు చావాలంటే మాంసాన్ని ముందుగా మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 7 రోజులు గడ్డకట్టించాలి. ఇంట్లోని ఫ్రిజ్ పై అర చాలాసార్లు అంత చల్లగా ఉండదు. నదిలో ముంచిన థర్మామీటర్‌లో అంత కిందికి అంకెలు లేకపోతే ఫ్రీజర్ థర్మామీటర్ ఒకటి కొని, అందులో ఒక రాత్రి ఉంచి చూసుకున్నాకే ఊరబెట్టే పని మొదలుపెట్టండి.